పన్నెండో మాట

సుభద్రమ్మ మేడమ్‌కు ఇంగ్లీషు మాట తట్టలేదంటే రాయగడలో ఎవరూ నమ్మరు. ముప్పయ్యేళ్ళుగా ఊరి చివరి హాస్టలు బడిలో ఆవిడ చెప్పేది ఆ పాఠమే. రైల్వే క్వార్టర్సుకు కూరలు తెచ్చే గురువమ్మ సైతం మందు సీసా మీద ఏం రాశారో ఆవిడచేతే చదివించుకుంటుంది. అలాంటి మనిషి మొన్న ఉగాది వెళ్ళిన పన్నెండో రోజు పొద్దున్నే పెరటి గుమ్మంలో కూర్చుని, చేతిలో ఫోను పెట్టుకుని, అయిదక్షరాల మాట ఒక్కటంటే ఒక్కటి తోచక గంటసేపు అలాగే ఉండిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందంటే ఇదే మరి.

ఆ ఆట ఫోనులో పెట్టింది కూతురు హరిప్రియ. విశాఖ నుంచి పండక్కి వచ్చి, తల్లి ఈ నెలాఖరుకు రిటైరవుతోంది కదా, కాలక్షేపానికి ఉంటుందని నేర్పి వెళ్ళింది. రోజుకొక ఇంగ్లీషు మాట దాచి ఉంచుతారు. దానికి అయిదే అక్షరాలు. మనకు తోచిన అయిదక్షరాల మాట కొడితే, అందులో ఏవి సరైనవో గళ్ళ రంగు మారి చెబుతుంది. ఆరుసార్లలో పట్టుకోవాలి. తల్లీకూతుళ్ళకు పోటీ కూడా ఉంది. పొద్దున్నే మొదట ఏ మాట కొట్టిందో ఒకరికొకరు పంపుకోవాలి.

పదకొండు రోజులు బాగానే గడిచాయి. పన్నెండో రోజున మాత్రం వేలు అక్షరాల మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఏదో ఒకటి కొట్టొచ్చు కదా, ఎవరు వద్దన్నారు? అదే కదా కుదరనిది. మాట నాలిక చివరి దాకా వస్తుంది, వేలు కదిలిద్దామనేసరికి తుడిచిపెట్టుకుపోతుంది.

"ఏటే, పరీక్ష రాస్తన్నావా? కాఫీ సల్లారిపోనాది," అన్నాడు భర్త భీమారావు. ఆయన రాయగడ కోరాపుట్ లైన్లో గూడ్సు గార్డుగా చేసి పోయినేడాదే దిగిపోయాడు. భార్యను ఏడిపించడం ఒక్కటే ఇప్పుడాయనకు మిగిలిన డ్యూటీ.

ఆవిడ నిన్నటిదాకా ఏం కొట్టానో చూసుకుంటే ఏదైనా తడుతుందేమోనని కూతురికి పంపినవి వెనక్కి తిప్పింది. మొదటి రోజు వాటర్. తర్వాత బ్రెడ్. ఎర్త్, పేపర్, లెర్న్, క్లియర్, గ్రేట్, డ్రీమ్, హార్ట్, ఎర్లీ. నిన్న లేటర్. పదకొండు మాటలు, అన్నిటిలోనూ ఏ, ఈ, ఆర్ ఉన్నాయి. ఈ వరస ఎక్కడ చూసిందో ఆవిడకు తెలుసు. లేచి లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, పట్టుచీరల అడుగున తొమ్మిదేళ్ళుగా దాచిన నోటుపుస్తకం తీసింది. చివరి పేజీలో పెన్సిలుతో రాసిన గుండ్రటి అక్షరాలు. అవే మాటలు, అదే వరసలో. పదకొండో దాని కింద పన్నెండు అని అంకె వేసి, పక్కన చుక్క పెట్టి, అక్కడ ఖాళీ వదిలేసి ఉంది.

ఆ పుస్తకం మనీషాది. బడి రిజిస్టరులో పేరు అది. టికిరి అవతల కొండ మీద ఊరు. చేరేటప్పుడు ఇంట్లో పిలిచే పేరేదో చెప్పారు కానీ, అది ఇంగ్లీషు బడికి నప్పదని సుభద్రమ్మే మార్చి రాసింది. అప్పటికి ఆ పిల్ల ఆరో తరగతి, మూడో బెంచీ. పెన్సిలు చివర నమిలి నమిలి పీచు చేసేది.

ఆ రోజుల్లో సుభద్రమ్మకు ఒక పద్ధతి ఉండేది. సెలవులకు ఇంటికి వెళ్ళే ముందు ప్రతి పిల్లా పన్నెండు మాటలు రాసి చూపాలి. బోర్డు మీద మూడక్షరాలు వేసేది. అవి మూడూ ఉండాలి, మాటకు అయిదక్షరాలే ఉండాలి. రాస్తేనే గేటు పాసు మీద సంతకం. కొండ పిల్లలకు ఇంగ్లీషు పట్టించిన మేడమని ఆ పద్ధతికే ఒకసారి శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఆవిడకు తలకెక్కింది, ఉన్నమాట చెప్పుకోవాలి.

కొండ ఊళ్ళ పండగ చైత్ర పరబ్‌కు టికిరి వైపు పిల్లలను తీసుకెళ్ళడానికి ఊళ్ళోంచి మనిషి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఒంటిగంట బస్సు. మిగతా పిల్లలు ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగిచూసి ఎలాగో పన్నెండూ పూర్తి చేశారు. మనీషా ఎవరిదీ చూడలేదు. పదకొండు రాసి లేచి నిలబడి, పుస్తకం గుండెకు హత్తుకుని, "మేడమ్, ఒకటి మిగిలింది. పదకొండు చాలవా? బస్సు ఎళ్ళిపోతాది," అంది. అడగడంలో తప్పేమీ లేదు. కానీ క్లాసంతా వింటుండగా అడిగింది. సుభద్రమ్మకు ఒళ్ళు మండింది. పన్నెండంటే పన్నెండేనని కూర్చోబెట్టి, మిగతా పిల్లలకు పాసులిచ్చి పంపేసి, టీ తాగడానికి స్టాఫు రూముకు వెళ్ళింది. అక్కడ కబుర్లలో పడి గంట గడిపింది. తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పుస్తకం మాత్రం తెరిచి ఉంది.

నీళ్ళ ట్యాంకు పక్క గోడ దూకి, మూడు గంటల బస్సెక్కి ఒక్కతే వెళ్ళింది ఆ పిల్ల. టికిరిలో దిగేసరికి మబ్బు కమ్మింది. అక్కడి నుంచి ఊరికి కాలిబాట. సగం దారిలో ఇప్పచెట్టు కింద నిలబడితే పిడుగు పడింది. ఒంటిగంట బస్సులో వెళ్ళినవాళ్ళంతా అప్పటికి ఇళ్ళలో ఉన్నారు.

బడిలో విచారణ అనగానే ఎవరూ ఏమీ అడగకముందే సుభద్రమ్మే గొంతెత్తింది. అనుమతి లేకుండా గోడ దూకి పోయింది, మా తప్పేముంది అని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది ఆ వరస. కానీ పెద్ద మేడమ్‌ను ఎవరనుమానిస్తారు? కాగితం మీద అలాగే రాసి సంతకం పెట్టింది. రాసిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. రాయనిది ఒక్కటే. పుస్తకం ఇంటికి తెచ్చి దాచింది.

అయిదో రోజున పెట్టె తీసుకెళ్ళడానికి తల్లి వచ్చింది. ఆమె పేరు సోంబారి. సంతలో తెలుగు షావుకార్లకు చింతపండు అమ్ముతూ నేర్చుకున్న తెలుగుతో మాట్లాడుతుంది. వరండాలో నిలబడ్డ టీచర్లందరి కాళ్ళకూ వంగి దండం పెట్టింది. పరబ్‌కు తప్పకుండా రావాలి, కొత్త గౌను కొన్నానని తానే కబురు పెట్టిందట. ఆ కబురుకే పిల్ల ఆగలేక గోడ దూకిందట. "తప్పు నాది మేడమ్. నా కబురే దాన్ని సంపేసినాది. మీరు కోపం ఎట్టుకోకండి," అని సుభద్రమ్మ పాదాలు పట్టుకుంది. సుభద్రమ్మ "లే అమ్మా," అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. సోంబారి పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి సుభద్రమ్మ పన్నెండు మాటల పద్ధతి మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్ళలో ఆ విషయం భర్తకు కూడా చెప్పలేదు.

ఇదీ పాత కథ. ఆట ఆగిపోయిన రోజు మధ్యాహ్నం మూడు గంటలకు సుభద్రమ్మ బడి నుంచి వచ్చి చాప మీద నడుం వాల్చింది. ఎండ కణకణలాడుతోంది. కిటికీ అవతల ఎవరో నిలబడ్డట్టయింది. చూస్తే బడి గౌను, గుండెకు హత్తుకున్న చేతులు. చేతుల్లో పుస్తకం లేదు. గౌను అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మేడమ్, ఒకటి మిగిలింది."

కళ్ళు మూసి తెరిచేసరికి కిటికీలో ఎవరూ లేరు. బయటికి పోయి చూస్తే ఆ ఎండలో, గచ్చు మీద రెండు చిన్న పాదాల మేర తడి ఉంది. ఆవిడ చూస్తుండగానే అది ఆరిపోయింది.

మర్నాడూ అదే వేళకు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కోపం లేదు, ఏడుపు లేదు, బెదిరింపు అంతకన్నా లేదు. క్లాసులో లేచి నిలబడి అడిగినట్టే, మర్యాదగా అదే మాట అడుగుతుంది. తిట్టినా బాగుండునని సుభద్రమ్మ ఏడ్చింది. నాలుగో రోజుకు అన్నం సయించడం మానేసింది. అయిదో రోజున ఇక దాచలేక బీరువాలో పుస్తకం తెచ్చి భర్త ముందు పెట్టి జరిగిందంతా చెప్పేసింది.

భీమారావు వేళాకోళం మానేసి చాలాసేపు ఆ పేజీ వంకే చూశాడు. ముప్పయ్యేళ్ళు సొరంగాల్లో బండి చివర ఒంటరిగా లాంతరు పట్టుకు తిరిగిన మనిషి, దయ్యాలంటే భయం లేదు. ఒక మాట బాకీ ఉందంటోంది కాబట్టి ఆ మాటేదో రాసేయమన్నాడు. బుర్రలోంచి రాకపోతే డిక్షనరీ ఉంది కదా. సుభద్రమ్మ డిక్షనరీ తిప్పి, లార్జ్ అన్న మాట దగ్గర వేలు పెట్టి, ఒక్కో అక్షరమే చూసుకుంటూ నీలం సిరాతో పన్నెండో చోట రాసింది. ఆయన పక్కనే కూర్చుని చూశాడు. ఆ పూట ఇద్దరికీ కొంచెం ఊపిరాడింది.

తెల్లారి పుస్తకం తెరిస్తే పన్నెండో చోటు ఖాళీగా ఉంది. సిరా మరక కూడా లేదు.

"నువ్వు రాయడం నా కళ్ళతో సూసేను," అన్నాడు భీమారావు. "ఇది మనింట్లో తేలేది కాదే. ఆ తల్లి కాడికెళ్ళు."

వెళితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. సంతలో పదిమందీ చేరతారు. బడికి తెలుస్తుంది. నెలాఖరున పూలదండ వేయాల్సినవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అవన్నీ పరవాలేదు. ఆ తల్లి మొహంలోకి చూసి చెప్పడమే ఆవిడ వల్ల కానిది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఇంకో రెండు రోజులు తాత్సారం చేసింది. ఆ రెండు రోజులూ మూడు గంటలకు పిల్ల వచ్చింది. రెండో రోజున కిటికీ దగ్గర కాదు, గది గుమ్మంలోనే నిలబడింది.

టికిరి సంత రోజున పొద్దున్నే పాసింజరెక్కింది సుభద్రమ్మ. భర్త తోడు వస్తానంటే వద్దంది. బండి సొరంగంలో దూరినప్పుడల్లా పెట్టెలో చీకటి కమ్ముకునేది, తడి గుడ్డ వాసన వచ్చేది. వెలుగులోకి రాగానే ఎదుటి సీటు ఖాళీగా కనిపించేది. మూడో సొరంగం దాటాక ఆవిడకు భయం పోయింది. భయం పోయినచోట దుఃఖం కూర్చుంది.

టికిరి సంతలో సోంబారిని వెతకనక్కర్లేకపోయింది. చింతపండు రాసి ముందు గొంతుక్కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. మేడమ్‌ను గుర్తుపట్టి లేవబోయింది. సుభద్రమ్మ ఆమె భుజం పట్టి ఆపి, తానే ఎదురుగా మట్టిలో కూర్చుని మొత్తం చెప్పింది. పన్నెండు మాటల పద్ధతీ, పిల్ల అడిగిందీ, తాను కాదన్నదీ, టీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నదీ, పుస్తకం దాచిందీ. నీ కబురు వల్ల కాదమ్మా, నావల్ల అంది. చెబుతుంటే ఆవిడకు కన్నీళ్ళు రాలేదు. గొంతు మాత్రం పదేళ్ళ పిల్ల గొంతులా సన్నబడింది.

సోంబారి చింతపండు మీద చెయ్యి ఆన్చి కదలకుండా విన్నది. బేరానికి వచ్చినవాళ్ళు చూసి పక్కకు పోయారు.

"ఎన్ని రాసింది?" అని అడిగింది చివరికి.

"పదకొండు."

సోంబారి తన రెండు చేతులూ ఎత్తి వేళ్ళు చూసుకుంది. "నాకు వేళ్ళ కాడికే లెక్కొచ్చు. పది. నా పిల్లకి నా వేళ్ళ కంటే ఎక్కువొచ్చు. నీకు సాల్లేదు."

సుభద్రమ్మ తల దించుకుంది.

కొంతసేపటికి సోంబారే మొదలుపెట్టింది. పరబ్ వచ్చినప్పుడల్లా పిల్ల వస్తుందట. పొద్దు వాలే వేళకు తడి గౌనుతో వచ్చి వాకిట్లో నిలబడుతుందట. గడప దాటదట. అన్నం పెట్టి పిలిచింది, కోడిని కోసి మొక్కింది, కొన్న కొత్త గౌను చూపించి బతిమాలింది. ఊళ్ళో ముహూర్తాలు చెప్పే దిసారిని పిలిచి పూజ చేయించింది. లోపలికి రాలేదు. "ఒకటి మిగిలింది అంటాది. ఏటే అది అంటే సెప్పదు. నేను రమ్మని పిలిసేను కదా, అందుకే నా మీద కోపమనుకున్నాను. తొమ్మిది పరబ్‌లు అలాగే అనుకున్నాను."

ఈ ఆడమనిషికి పన్నెండు మాటల సంగతి ఇవాళ్టిదాకా తెలియదు. అయినా తొమ్మిదేళ్ళుగా అదే మాట వింటోంది. సుభద్రమ్మ చేతిసంచిలోంచి బడి గేటు పాసుల పుస్తకం తీసింది. ముప్పయ్యేళ్ళుగా ఆ పుస్తకం ఆవిడ సంచిలోనే ఉంటుంది. పేరు దగ్గర మనీషా అని రాయబోయి ఆగి, ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగింది.

"సుక్రి. శుక్రవారం పుట్టింది."

సుక్రి అని రాసింది. ఎక్కడికి అన్నచోట ఇంటికి అని రాసింది. తిరిగి రావలసిన తేదీ అన్నచోట పెన్ను కాసేపు ఆగింది. అక్కడ అడ్డంగా గీత గీసి, కింద సంతకం పెట్టి, కాగితం చింపి చాచింది.

సోంబారి చెయ్యి చాపలేదు. "నాకెందుకు? నేను ఆపలేదు దాన్ని. ఆపినదానివి నువ్వు. నువ్వే ఇయ్యి. ఎల్లుండి పరబ్. రా."

ఎల్లుండి సుభద్రమ్మ ఆ కాలిబాట మొత్తం నడిచి వెళ్ళింది. సగం దారిలో కాలిన ఇప్పచెట్టు మోడు దగ్గర కాసేపు నిలబడింది. ఊరంతా డప్పులతో హోరెత్తుతోంది. సోంబారి ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. లోపల దండెం మీద మడత పెట్టిన చిన్న గౌను, పొయ్యి పక్కన అన్నం పెట్టిన ఆకు. సోంబారి ఆమెను లోపలికి పిలవలేదు. గడప బయట పీట వేసింది. పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా పడమట మబ్బు పట్టింది.

డప్పులు ఒక్కసారిగా దూరంగా జరిగినట్టయింది. తల ఎత్తితే వాకిట్లో పిల్ల నిలబడి ఉంది. అప్పటికీ పదకొండేళ్ళే. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మేడమ్, ఒకటి మిగిలింది."

సుభద్రమ్మ పీట మీంచి లేచింది. పాసు రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపింది.

"సాలమ్మీ. పదకొండు సాలు. అప్పుడే సాలును. నువ్వు ఇంటికెళ్ళు, సుక్రీ."

చల్లని వేళ్ళు ఒకసారి తగిలాయి. కాగితం చేతిలోంచి పోయింది. పిల్ల దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది, బడి గేటు దగ్గర అందరు పిల్లలూ చూసుకున్నట్టే, సంతకం ఉందో లేదోనని. తర్వాత సుభద్రమ్మను దాటుకుని గడప దాటింది. లోపలినుంచి సోంబారి గొంతు, మామూలుగా, బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లతో మాట్లాడినట్టే వినిపించింది. "వచ్చేవా? గౌను మార్సుకో. అన్నం సల్లారిపోతంది."

సోంబారి తలుపు దగ్గరికి వచ్చి సుభద్రమ్మ వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, క్షమించడం కూడా లేదు. "ఇంక నువ్వెళ్ళు మేడమ్. బస్సు ఎళ్ళిపోతాది," అని తలుపు వేసుకుంది.

చినుకులు మొదలయ్యాయి. సుభద్రమ్మ కాసేపు వాకిట్లోనే నిలబడి, తల మీద కొంగు కప్పుకుని, టికిరి వైపు కాలిబాట పట్టింది. ఆ వేళకు బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.